కారు దించుదురు గానీ, ముందు టైర్లు చూడండి

పాత కారుని "దించుతున్నా" అనగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఏ అల్లాయ్స్ వేస్తున్నావ్ మామా?" అని. నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ముందు టైర్లు. తర్వాత కారు కింద కుళ్ళిపోయిన రబ్బరు సామాను. తర్వాత షాకులూ, స్ప్రింగులూ. అన్నీ అయ్యాక జేబులో ఏమైనా మిగిలితే అప్పుడు చక్రాలు. కానీ బయట జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. మొదటి నెల జీతంతో అల్లాయ్స్, రెండో నెల జీతంతో స్ప్రింగులు కోయించడం, మూడో నెల నుంచీ టైర్లు లోపలి అంచున అరిగిపోతున్నాయని ఏడుపు.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మా తమ్ముడు (పిన్ని కొడుకు) ఈ మధ్య ఒక 2004 మోడల్ ఎస్టీమ్ కొన్నాడు. మంచి కారే. 1300 సీసీ ఇంజను, 85 హార్స్ పవర్, బరువేమో 900 కిలోల లోపు. ఇప్పటి కార్లతో పోలిస్తే కాగితం పడవ. కొన్న వారానికే వాడు నాకో కొటేషన్ ఫార్వర్డ్ చేసాడు. ఊళ్ళో ఒక షాపువాడు ఇచ్చిన "ప్యాకేజీ" అది: 15 అంగుళాల అల్లాయ్స్, 195/45 టైర్లు, స్ప్రింగులు రెండేసి చుట్లు కోత. "మధ్యాహ్నం ఇస్తే సాయంత్రానికి రెడీ" అట. కింద వాడి ప్రశ్న: "అన్నా, ఓకేనా?"

మెకానికల్ చదివి జావా రాసుకుంటున్న బతుకు నాది. ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడిగితే పండగే :) కానీ ఇక్కడ పండగ కన్నా భయం ఎక్కువేసింది. ఎందుకంటే ఆ కారులో వాడొక్కడే తిరగడు. పిన్నినీ బాబాయినీ ఎక్కించుకుని నెలకోసారి విజయవాడ హైవే మీద సూర్యాపేట దాటి ఊరికెళ్తాడు. వెనక సీట్లో మా అమ్మమ్మ ఉంటుంది, డిక్కీలో బియ్యం బస్తా ఉంటుంది. కోసిన స్ప్రింగుల మీద, వంద స్పీడులో, వీళ్ళందరూ. షో కోసం ఆదివారం నెక్లెస్ రోడ్డుకి తీసుకెళ్ళే బండి లెక్క వేరు, ఈ బండి లెక్క వేరు.

ముందో విషయం ఒప్పుకుందాం. కారు దించేది హ్యాండ్లింగ్ కోసం అని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను పెద్దగా నమ్మను. లెక్క చూడండి. మలుపులో బయటి చక్రాల మీదకి ఎంత బరువు మారుతుందన్నది కారు గరిమనాభి ఎంత ఎత్తులో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఇలాంటి చిన్న సెడాన్ కి అది సుమారు 530 మిల్లీమీటర్లు అనుకుందాం. 25 మిల్లీమీటర్లు దించితే తగ్గేది 5 శాతం కన్నా తక్కువ. అంతే. ఎనిమిదేళ్ళ కిందటి గట్టిపడిన టైర్లు తీసేసి కొత్తవి వేస్తే బ్రేకింగ్ లోనూ మలుపుల్లోనూ వచ్చే తేడా ముందు ఇది దిగదుడుపు. కాబట్టి "చక్రానికీ ఫెండర్ కీ మధ్య ఆ ఖాళీ చూస్తే నాకు చిరాకు, అందుకే దించుతున్నా" అని నిజాయితీగా చెప్పేవాణ్ణి నేను గౌరవిస్తా. అందం కోసం డబ్బు పెట్టడం తప్పేం కాదు. దానికి ఫిజిక్స్ అబద్ధాలు తగిలించనక్కర్లేదు.

సరే, టైర్ల సంగతి. తమ్ముడి కారుకి టైర్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి, గాళ్ళు లోతుగా ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ కారు అమ్మేవాడు చూపించేది కూడా అదే. కానీ టైరు పక్కన, అచ్చులో ఒక చిన్న కోడిగుడ్డు ఆకారంలో నాలుగంకెలుంటాయి. 2317 అని ఉందనుకోండి, 2017 లో 23వ వారంలో తయారైందని అర్థం. వాడి కారుకి ముందు రెండూ 2017, వెనక ఒకటి 2015, ఇంకోటి 2018. నాలుగు చక్రాలకి మూడు వేర్వేరు వయసులు, రెండు వేర్వేరు బ్రాండ్లు. రబ్బరు నడిచినా నడవకపోయినా ఎండకి గట్టిపడుతూనే ఉంటుంది. వానలో అది పట్టుకునే టైరు కాదు, జారే ప్లాస్టిక్కు. నా మాట వినేవాడెవడైనా ఉంటే ప్యాకేజీ డబ్బులో మొదటి ముక్క ఇక్కడే పెట్టాలి.

ఇంతకీ సైజు ఏది? ఇక్కడ మన ఇంజనీరింగ్ బుర్రకి కాస్త పని. ఈ ఎస్టీమ్ కి కంపెనీ ఇచ్చింది 175/70 ఆర్ 13. అంటే వెడల్పు 175 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, అంటే 122.5. రిమ్ము 13 అంగుళాలు, 330.2 మి.మీ. మొత్తం వ్యాసం 330.2 కి రెండు గోడలు 245 కలిపితే 575.2. ఈ అంకె మారకూడదు. మారితే స్పీడోమీటరు తప్పు చెప్తుంది, గేర్ల లెక్క మారుతుంది, ఫెండర్ లోపల రాసుకోవడం మొదలవుతుంది.

ఇప్పుడు షాపువాడు చెప్పిన 195/45 ఆర్ 15 చూద్దాం. గోడ 87.75, వ్యాసం 556.5. దాదాపు 19 మి.మీ. తక్కువ. మీటరు 100 చూపిస్తుంటే నిజంగా వెళ్ళేది 97 లోపే. ఇది ప్రమాదం కాదనుకోండి, మైలేజీ లెక్క తప్పుతుంది, అంతే. అసలు ఇబ్బంది రెండు చోట్ల ఉంది. ఒకటి, ఈ సైజుకి మామూలుగా వచ్చే లోడ్ ఇండెక్స్ 78, అంటే ఒక్కో టైరు 425 కిలోలు మోస్తుంది. పాత సైజు 82, అంటే 475 కిలోలు. మొయ్యలేదని కాదు, మార్జిన్ తగ్గుతుందని. రెండోది, గుంతలో పడినప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ఉన్న దిండు 122 నుంచి 88 కి వచ్చేసింది. వాన పడ్డాక మన రోడ్లు తెలిసినవాళ్ళకి ఇంక చెప్పక్కర్లేదు. అల్లాయ్ వంగితే పర్లేదు, పగిలితే?

అదే 195/50 ఆర్ 15 వేస్తే వ్యాసం 576, లోడ్ ఇండెక్స్ 82. కాగితం మీద దివ్యంగా సరిపోతుంది. 185/60 ఆర్ 14 వేస్తే 577.6, అదీ 82 నే, గోడ 111. కంపెనీ సైజుకీ దీనికీ తేడా అర శాతం కూడా లేదు. నా ఓటు ఈ 14 అంగుళాల దానికే. కారణం చాలా సింపులు: దిండు మందంగా ఉంటుంది, హైవే మధ్యలో పగిలినా ఏ ఊళ్ళోనైనా ఎవడో ఒకడి దగ్గర ఆ సైజు దొరుకుతుంది. దొరకని టైరు ఎంత అందంగా ఉంటే ఏం లాభం.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీరిస్తే పోతుంది. పెద్ద అల్లాయ్స్ వేస్తే కారు కిందికి దిగినట్టు కనపడుతుందని చాలామంది అనుకుంటారు. మొత్తం వ్యాసం మారనప్పుడు కారు ఎత్తు ఒక్క మిల్లీమీటరు కూడా మారదు. ఫెండర్ కింద ఖాళీ అంతే ఉంటుంది, సన్నటి టైరుతో అది ఇంకా పెద్దగా కనపడుతుంది కూడా. అందుకే అల్లాయ్స్ వేసిన మర్నాడే స్ప్రింగుల మీద కన్ను పడుతుంది.

టైర్ల తర్వాత రబ్బరు సామాను. ఇది ఎవరికీ నచ్చని పని, ఎందుకంటే బయటికి కనపడదు, ఫోటోలో రాదు. ఇరవై ఏళ్ళు దాటిన కారులో లోయర్ ఆర్మ్ బుష్షులు, స్ట్రట్ మౌంటులు, బాల్ జాయింట్లు, స్టీరింగ్ రాడ్ చివర్లు... ఇవన్నీ ఏ స్థితిలో ఉంటాయో ఊహించుకోండి. మన భాషలో చెప్పాలంటే, పాత సర్వర్ లో లాగ్ నిండా ఎర్రర్లు ఉండగా పైన కొత్త యూఐ పెడతామంటే ఒప్పుకుంటామా? ఆటోనగర్ లో మాకు తెలిసిన పెద్దాయన ఒకాయన కారుని జాకీ మీద ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఒకసారి ఊపి, "సార్, ఇది దించక్కర్లేదు, అదే దిగిపోతాది" అన్నాడు :) నవ్వొచ్చింది గానీ నిజం. ఒక బాల్ జాయింట్ అప్పటికే వదులు.

అలా అని దించే ముందు కారు ఇప్పుడు ఎంత ఎత్తులో ఉందో కొలిచేవాళ్ళు కూడా నాకు పెద్దగా కనపడలేదు. కొలిచేటప్పుడు నేల నుంచి కొలవకండి, టైరు గాలి మారితే లెక్క మారుతుంది. చక్రం మధ్య బిందువు నుంచి నిట్టనిలువుగా ఫెండర్ అంచు దాకా కొలవండి. నాలుగు మూలలా. మేం కొలిస్తే డ్రైవర్ వైపు వెనక మూల మిగతా వెనక మూల కన్నా 14 మి.మీ. కిందికి ఉంది. ఇరవై ఏళ్ళ బరువుకి స్ప్రింగు అలిసిపోయి కుంగింది. అంటే వాడు ఏ దించుడూ చెయ్యకుండానే కారు ఒక మూల సగం దిగి కూర్చుంది. ఆ స్ప్రింగుల్నే రెండేసి చుట్లు కోస్తే నాలుగు మూలలూ నాలుగు ఎత్తుల్లో నిలబడేవి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. స్ప్రింగు కొయ్యడం.

స్ప్రింగు గట్టిదనం దాని పనిచేసే చుట్ల సంఖ్యకి విలోమం. ఆరు చుట్లు ఉన్నదాంట్లో ఒకటి కోస్తే 6/5, అంటే 20 శాతం గట్టిపడుతుంది. రెండు కోస్తే 50 శాతం. దీన్ని పట్టుకుని కోత సమర్థకులు "చూసారా, దిగుతుంది, గట్టిపడుతుంది, రెండూ ఫ్రీగా" అంటారు. వినడానికి బానే ఉంటుంది. మూడు సంగతులు వాళ్ళు చెప్పరు. స్ప్రింగు చివరి చుట్టు కప్పులో సరిగ్గా కూర్చునేలా కంపెనీ ఆకారం ఇచ్చి ఉంటుంది, కోసిన మొన అలా కూర్చోదు. రెండు, స్ప్రింగు పొట్టిదైపోతే చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు (పెద్ద గుంతలో, లేదా స్పీడ్ బ్రేకర్ మీంచి ఎగిరినప్పుడు) షాకు అంత పొడవు సాగుతుంది, స్ప్రింగు మాత్రం అంత పొడవు లేదు. ఆ క్షణంలో అది కప్పులోంచి వదులై కదులుతుంది, మళ్ళీ ఎక్కడ కూర్చుంటుందో దాని ఇష్టం. మూడు, గ్యాస్ కట్టర్ తో కోస్తే ఆ వేడికి ఉక్కు పదును పోతుంది, కోసిన చోటికి దగ్గర్లో ఏదో ఒక రోజు విరుగుతుంది. ఇవి పుస్తకాల కబుర్లు కాదు. మా కాలేజీలో సీనియర్ ఒకతని కారుకి ఇలాగే ముందు స్ప్రింగు విరిగి, ఆ మొన టైరు పక్క గోడని చీల్చేసింది. అదృష్టం, పార్కింగ్ లోంచి బయటికి తీస్తున్నప్పుడు.

సరే కొయ్యొద్దు, మరి పద్ధతిగా దించాలంటే ఎంత దించాలి? దీనికి షాపుల్లో దొరికే సమాధానం "40 వెయ్యి అన్నా, సూపర్ ఉంటది". నా పద్ధతి వేరు. రెండు లెక్కలు వేసుకోండి.

మొదటిది సస్పెన్షన్ కి మిగిలే దూరం. చక్రం పైకి కదలడానికి బంప్ స్టాప్ తగిలే దాకా 80 మి.మీ. ఉందనుకుందాం. ఒక గుంత ఇచ్చే దెబ్బని మింగాలంటే స్ప్రింగు దాచుకునే శక్తి గట్టిదనానికీ, దూరం వర్గానికీ అనులోమం (ఇంటర్ లో చదివిన ½కేఎక్స్ స్క్వేర్, గుర్తుందా?). 40 దించితే దూరం సగం అయింది, అదే దెబ్బని మింగాలంటే స్ప్రింగు నాలుగింతలు గట్టిగా ఉండాలి. నాలుగింతలు! వెనక సీట్లో అమ్మమ్మ నడుం గతేంటి? అంత గట్టిగా ఎవరూ పెట్టరు కాబట్టి, జరిగేదేంటంటే ప్రతి గుంతకీ బంప్ స్టాప్ కి గుద్దుకోవడం, ఆ దెబ్బ నేరుగా బాడీకి వెళ్ళడం. 25 దించితే దూరం 55 మిగులుతుంది, అప్పుడు కూడా రెండింతలు కావాలి. స్ప్రింగుని 25 శాతం గట్టి చేసుకుని, మిగతాది బంప్ స్టాప్ కీ, మన కుడికాలికీ వదిలెయ్యాలి. అంటే గుంతల దగ్గర నెమ్మదిగా వెళ్ళాలన్నమాట. దించిన కారుకి కట్టే అసలు పన్ను ఇదే, దీన్ని ఏ షాపువాడూ కొటేషన్ లో రాయడు.

రెండో లెక్క స్పీడ్ బ్రేకర్ ది. ఇది నాకు భలే సరదాగా అనిపించింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపు. దాన్ని గంటకి 25 కిలోమీటర్ల వేగంతో దాటాలని ఉద్దేశం. ఎస్టీమ్ వీల్ బేస్ 2365 మి.మీ. కారు మధ్య భాగం వంపు మీదకొచ్చేసరికి నాలుగు చక్రాలూ కూడా ఆ వంపు మీదే ఉంటాయి. 17 మీటర్ల వృత్తంలో 2.365 మీటర్ల జ్యా గీస్తే దాని మీంచి చాపం లేచే ఎత్తు 41 మి.మీ. అంటే 100 మి.మీ. ఎత్తున్న ప్రామాణిక స్పీడ్ బ్రేకర్ కారు కింద నుంచి తినేది కేవలం 41!

ఇప్పుడు మా పిన్నివాళ్ళ వీధి మొదట్లో కాలనీవాళ్ళు వేసుకున్నది చూద్దాం. టేపు పెట్టి కొలిచాను (చుట్టుపక్కలవాళ్ళు నన్ను మున్సిపాలిటీ అనుకుని కంప్లైంట్లు కూడా చెప్పారు). ఎత్తు 11 సెంటీమీటర్లు. ప్రమాణం కన్నా ఒక్క సెంటీమీటరే ఎక్కువ. కానీ వెడల్పు రెండడుగులు కూడా లేదు. ముందు చక్రాలు దిగిపోయాక, వెనక చక్రాలు ఎక్కక ముందు, మొత్తం 110 మి.మీ. కారు పొట్ట కింద ఉంటుంది. తప్పు ఎత్తులో లేదు, వెడల్పులో ఉంది. నలభై రూపాయల తాపీ పని మిగుల్చుకోవడానికి ఊరందరి ఛాంబర్లూ పగలగొడుతున్నారు.

ఎస్టీమ్ గ్రౌండ్ క్లియరెన్స్ కంపెనీ లెక్కలో 170. నలుగురు ఎక్కితే ఇంకో 30 దిగుతుందనుకోండి. ఆ వీధి బ్రేకర్ మీద 170 లోంచి 30, 110 తీసేస్తే 30 మిగులుతుంది. కొంచెం గట్టి స్ప్రింగులతో 25 దించితే, నలుగురికి 24 దిగుతుంది, మిగిలేది 11. గుండె చేత్తో పట్టుకుని దాటొచ్చు. 40 దించితే మైనస్ 4. పిన్నీ బాబాయిలని వీధి మొదట్లో దింపి, బ్రేకర్ దాటాక మళ్ళీ ఎక్కించుకోవాలి. తమ్ముడికి ఇది చెప్తే "అయితే 25 చాలన్నా" అన్నాడు. ఎవడి 25 వాడిదే. మీ వీధి బ్రేకర్ ఎంతుందో మీరు కొలుచుకోండి, నెట్ లో ఎవరో చెప్పిన అంకె మీ వీధికి పనికిరాదు.

ముందు సస్పెన్షన్ గురించి ఒక్క ముక్క. ఎస్టీమ్ లాంటి కార్లకి ముందు ఉండేది మాక్‌ఫర్సన్ స్ట్రట్. ఇందులో కారు దిగే కొద్దీ లోయర్ ఆర్మ్ బయటి చివర పైకి లేస్తుంది. దాంతో కారు ఏ బిందువు చుట్టూ పక్కకి వాలుతుందో ఆ రోల్ సెంటర్, గరిమనాభి కన్నా వేగంగా కిందికి పోతుంది. రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. ఫలితం, అవే స్ప్రింగులతో కారు ఎక్కువ దించితే మలుపుల్లో తక్కువ కాదు, ఎక్కువ వాలుతుంది. "దించితే రైలు పట్టాల మీద పోయినట్టు పోతది" అనే బ్యాచ్ కి ఈ ముక్క చెప్పి చూడండి. దించాక అలైన్‌మెంట్ చేయించకపోతే టో మారిపోయి టైరు లోపలి అంచు గుండు కొట్టేస్తుంది. పైనుంచి చూస్తే టైరు కొత్తగానే ఉంటుంది. లోపలికి వంగి చూస్తే వైరు.

ఎస్టీమ్ తయారీ 2007 లోనే ఆగిపోయింది కాబట్టి దీనికి రెడీమేడ్ దించే స్ప్రింగులు కొత్తవి దొరకడం కష్టం. మిగిలిన దారి కొలతలిచ్చి చుట్టించుకోవడం. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, గట్టిదనం కమ్మీ మందం నాలుగో ఘాతానికి అనులోమం. 10 మి.మీ. కమ్మీ బదులు 10.6 వాడితే చాలు, 26 శాతం పెరుగుతుంది. "కొంచెం లావు కమ్మీ వెయ్యి భయ్యా" అని నోటిమాటగా చెప్తే వాడు 12 వేస్తాడు, స్ప్రింగు రెండింతలు గట్టిదైపోతుంది. కాగితం మీద మందం, చుట్లు, స్వేచ్ఛా పొడవు, రెండు చివరల ఆకారం రాసివ్వాలి. ఇక షాకులకి కావలసిన డాంపింగ్ గట్టిదనం వర్గమూలంతో పెరుగుతుంది. 25 శాతం గట్టి స్ప్రింగుకి 12 శాతం డాంపింగ్ చాలు. కొత్త కంపెనీ షాకులు ఆ మాత్రం లాగేస్తాయి. 25 దగ్గర ఆగడానికి ఇది ఇంకో కారణం. దాటితే షాకులు కూడా స్పెషల్ వి కావాలి, అక్కడ్నుంచి ఖర్చుకి అంతుండదు. కాయిలోవర్ల గురించి అడక్కండి, కారు రేటు కన్నా వాటి రేటు ఎక్కువ.

చివరికి చక్రాలు. పీసీడీ, మధ్య రంధ్రం రెండూ మన కారు హబ్బుకి సరిపోవాలి, కొనేముందు కొలిచి చూసుకోండి. అవి సరిపోయే కంపెనీ 14 అంగుళాల చక్రాలు పాతవి దొరికితే నేను వాటికే ఓటేస్తా. బయటి అల్లాయ్స్ చాలావాటికి అన్ని కార్లకీ సరిపోవాలని రంధ్రం పెద్దగా వదిలేస్తారు. చిన్న హబ్బు మీద పెద్ద రంధ్రం ఉన్న చక్రం బిగిస్తే అది నట్ల మీదే వేలాడుతుంది, సరిగ్గా మధ్యలో కూర్చోకపోతే 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంది. మధ్యలో రింగులు తప్పకుండా వేయించుకోండి, అవి ఖరీదైన వస్తువులేం కాదు. ఆఫ్‌సెట్ కూడా చూడాలి. 5 అంగుళాల వెడల్పు, 45 ఆఫ్‌సెట్ చక్రం తీసి 6.5 అంగుళాలు, 38 ఆఫ్‌సెట్ ది వేస్తే చక్రం బయటికి 26 మి.మీ., లోపలికి 12 మి.మీ. జరుగుతుంది. దించిన కారులో ఆ 26 ఎక్కడ రాసుకుంటుందో నలుగురు ఎక్కి స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు తెలుస్తుంది. షాపు ముందు ఖాళీ కారులో తెలియదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి కదా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ లో, అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆర్.సి. లో గ్రౌండ్ క్లియరెన్స్ అనే గడే లేదు కదా అని వాదించేవాళ్ళున్నారు. ఆ వాదన మీద నాకు పెద్ద నమ్మకం లేదు, ఇన్సూరెన్సువాడి ముందు అసలే లేదు. అందుకే ఇన్సూరెన్సు వాళ్ళకి ముందే రాతపూర్వకంగా చెప్పి, వాళ్ళ జవాబు దగ్గర పెట్టుకోమన్నాను. ఒప్పుకోకపోతే స్ప్రింగుల పని మానెయ్యమన్నాను, టైర్లూ బుష్షులూ ఎలాగూ మిగులుతాయి. నాకు కోపం వచ్చేది ఒక్క చోట. జర్మనీలో ఇలాంటి మార్పులు చేసుకుంటే ఇన్స్పెక్టరు చూసి, కొలిచి, సరిగ్గా ఉంటే కాగితాల్లో ఎక్కిస్తాడు. మన దగ్గర గ్యాస్ కట్టర్ తో కోసినవాడూ, లెక్కేసి చుట్టించుకున్నవాడూ చట్టం ముందు ఒకటే. దానివల్ల లెక్కేసుకునేవాడు భయపడి ఆగిపోతాడు, కోసేవాడు కోస్తూనే ఉంటాడు.

పైగా ఇలాంటి పాత కార్లకి పదిహేనేళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది. 2022 ఏప్రిల్ లో ఆ ఫీజు 600 నుంచి ఒకేసారి 5000 చేసారు. తమ్ముడి కారుకి మళ్ళీ 2029 లో వస్తుంది. అందుకని పాత స్ప్రింగులూ, పాత చక్రాలూ అమ్మొద్దని, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టమని చెప్పాను. బాబాయికి ఈ ఒక్క సలహా మాత్రం బాగా నచ్చింది. "ఎప్పటికైనా పనికొస్తాయిరా" అన్నాడు.

ప్రస్తుతానికి టైర్లు 185/60 ఆర్ 14 ఆర్డరు పెట్టాడు, నాలుగూ ఒకే ఏడాదివి ఉండాలని షాపువాడితో పోట్లాడి మరీ. బుష్షులూ, బాల్ జాయింట్లూ అయిపోయాయి. స్ప్రింగుల కాగితం నా దగ్గరుంది, ఇన్సూరెన్సు జవాబు కోసం చూస్తున్నాం. స్టెప్నీ మాత్రం పాత 13 అంగుళాలదే ఉంచమన్నాను. 575 కీ 577 కీ తేడా రెండు మిల్లీమీటర్లే, నకిరేకల్ దగ్గర పంచరైతే సూర్యాపేట దాకా హాయిగా వెళ్ళొచ్చు. కాకపోతే అల్లాయ్ కి వేసిన నట్లు ఇనప రిమ్ముకి సరిపోకపోవచ్చు, అందుకని పాత నట్లు నాలుగు ఒక కవర్లో కట్టి స్టెప్నీ గుంటలోనే పడేసాం.